కార్బురేటర్ మరలు పోయాయా? పారేసే ముందు ఇలా సరిచేసుకోండి

పాత పెట్రోల్-కిరోసిన్ పంపుసెట్లు, పవర్ స్ప్రేయర్లు, బ్రష్ కట్టర్లు వాడే రైతులకు తరచూ ఎదురయ్యే సమస్య ఇది. కార్బురేటర్ స్క్రూ ఎంత తిప్పినా బిగుసుకోదు, ఊరికే తిరుగుతూ ఉంటుంది. దీన్నే మెకానిక్కులు "థ్రెడ్ పోయింది" అంటారు. పాత ఇంజన్లకు సరిపోయే కార్బురేటర్ వెంటనే దొరకదు. నీటి తడి, మందు పిచికారీ మాత్రం ఆగవు. కార్బురేటర్ బాడీ పగలకుండా ఉంటే, పోయిన మరను చాలావరకు బాగుచేసుకోవచ్చు.

మరలు ఎందుకు పోతాయి?

కార్బురేటర్ బాడీని అల్యూమినియం లేదా జింక్ మిశ్రమంతో పోత పోస్తారు. అది మెత్తటి లోహం. స్క్రూ ఉక్కుది. అందుకే అతిగా బిగించినా, స్క్రూను వంకరగా ఎక్కించినా ముందు బాడీలోని మరే అరిగిపోతుంది. ఒక కొలత రంధ్రంలో దాదాపు అదే సైజున్న వేరే స్క్రూ ఎక్కించడం మరో ముఖ్య కారణం. ఉదాహరణకు, విలియర్స్ వంటి ఇంగ్లండ్ ఇంజన్ల కాలంలో 2 బి.ఎ. అనే కొలత వాడుకలో ఉండేది. దాని మందం 4.7 మి.మీ. ఇప్పటి 5 మి.మీ. స్క్రూ చూడటానికి అలాగే ఉంటుంది కానీ ఆ రంధ్రంలో బలవంతంగా ఎక్కిస్తే మర చెడిపోతుంది.

అలాగే వదిలేస్తే నష్టం ఏమిటి?

* ఫ్లోట్ చాంబర్ స్క్రూ వదులైతే పెట్రోల్ కారుతుంది. వేడి సైలెన్సర్ మీద పడితే మంట అంటుకోవచ్చు. స్ప్రేయర్ మీ వీపు మీదే ఉంటుందని మరువకండి.
* కార్బురేటర్‌ను ఇంజన్‌కు బిగించే చోట వదులైతే సందులోంచి గాలి లాగుతుంది, ఇంధనం పాలు తగ్గుతుంది. టూ స్ట్రోక్ ఇంజన్‌లో ఆయిల్ కూడా పెట్రోల్‌తోనే వెళ్తుంది కాబట్టి ఆయిలూ తగ్గి, ఇంజన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. చిన్న స్క్రూతో పోయే పని ఇంజన్ బోరు దాకా వస్తుంది.

ముందుగా పరీక్షించండి

1. పెట్రోల్ కాక్ కట్టేసి, కార్బురేటర్ విప్పి, అందులోని పెట్రోల్ వంచేయండి. బాగా ఆరనివ్వండి. దగ్గరలో బీడీ, పొయ్యి ఉండకూడదు.
2. పోయింది రంధ్రంలోని మరా, స్క్రూ మరా అన్నది చూడండి. అదే కార్బురేటర్‌కు ఉన్న మరో మంచి స్క్రూను చేత్తో ఎక్కించి చూడండి. అది పట్టుకుంటే స్క్రూ మారిస్తే చాలు.
3. రంధ్రం లోతును అగ్గిపుల్లతో కొలవండి. చాలాసార్లు పైమరలే పోయి, అడుగు మరలు బాగుంటాయి. అప్పుడు కొంచెం పొడవైన స్క్రూ వేస్తే సరిపోతుంది. స్క్రూ అడుగున తగిలి ఆగిపోతే పైమూత బిగుసుకోదు కాబట్టి పొడవు సరిచూసుకోండి.

బాగుచేసే పద్ధతులు

మొదటిది: బోల్టు, నట్టు. రంధ్రం ఆరపార ఉండి, వెనక చోటు ఉంటే పొడవైన బోల్టు దూర్చి వాషర్, నట్టుతో బిగించవచ్చు. ఇంజన్‌కు బిగించే అంచుల దగ్గర ఇది తేలికైన మార్గం.

రెండవది: పై సైజు ట్యాప్ కొట్టడం. పాత రంధ్రాన్ని పెద్దది చేసి కొత్త మర కోస్తారు. మామూలు మరకు డ్రిల్ బిట్టు కొలతలు ఇవి:

* 5 మి.మీ. స్క్రూకు 4.2 మి.మీ. బిట్టు
* 6 మి.మీ. స్క్రూకు 5 మి.మీ. బిట్టు
* 8 మి.మీ. స్క్రూకు 6.8 మి.మీ. బిట్టు

స్క్రూ సైజు పెరిగితే పైమూతలోని రంధ్రాన్నీ పెద్దది చేయాల్సి వస్తుంది.

మూడవది: హెలికాయిల్. ఇది స్టెయిన్‌లెస్ స్టీల్ తీగతో చుట్టిన స్ప్రింగు లాంటిది. దీన్ని రంధ్రంలో కూర్చోబెడితే పాత సైజు స్క్రూనే మళ్లీ వాడుకోవచ్చు. మర ఇప్పుడు ఉక్కుది కాబట్టి ముందుకన్నా గట్టిగా ఉంటుంది. తరచూ విప్పే స్క్రూలకు ఇదే మంచిది. దీనికి వేరే ట్యాప్ కావాలి, మామూలు ట్యాప్ పనికిరాదు. మీ దగ్గర కిట్టు లేకపోతే లేత్ షాపులో అడిగి చేయించుకోండి.

పని చేసే తీరు

* బిట్టుకు కావలసిన లోతు దగ్గర టేపు చుట్టండి. నిటారుగా, నెమ్మదిగా డ్రిల్ చేయండి.
* ట్యాప్‌కు రెండు చుక్కల కిరోసిన్ వేయండి. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు తిప్పుతూ కోయండి.
* హెలికాయిల్‌ను పై అంచు కన్నా పావు నుంచి అర చుట్టు లోపలికి దించండి. తర్వాత అడుగున ఉన్న చిన్న అడ్డ కొక్కేన్ని విరిచి, ఆ ముక్కను తప్పకుండా బయటకు తీయండి.
* చివరగా బాడీని శుభ్రంగా కడిగి, ప్రతి రంధ్రంలోనూ గాలి కొట్టండి. చిన్న రజను జెట్‌లో ఇరుక్కున్నా ఇంజన్ స్టార్ట్ కాదు.

పై సైజు ట్యాప్, హెలికాయిల్ పద్ధతుల్లో రంధ్రం పెద్దదవుతుంది. చుట్టూ తగినంత లోహం మిగలదనిపించినా, పక్కనే పెట్రోల్ దారి ఉన్నా డ్రిల్ పెట్టకండి.

ఇవి చేయకండి

* రంధ్రంలో ఎం-సీల్ నింపి స్క్రూ దించకండి. ఇంజన్ అదురుకు, పెట్రోల్ తడికి అది ఊడిపోతుంది.
* మామూలు సిలికాన్ పేస్ట్ పూయకండి. పెట్రోల్‌లో ఉబ్బి, ముక్కలై జెట్‌కు అడ్డం పడుతుంది.
* టెఫ్లాన్ టేపు, తీగముక్క, అగ్గిపుల్ల పెట్టి స్క్రూ బిగించకండి. ఈ రోజు పట్టినట్టే ఉండి, చేలో వదులవుతుంది.

ఎప్పుడు మార్చాలి?

బాడీకి పగులు ఉన్నా, జెట్ కూర్చునే మర పోయినా, ఫ్లోట్ సూది కూర్చునే చోటు పాడైనా బాగుచేయించకండి. కార్బురేటర్ మార్చడమే మేలు.

బిగించిన తర్వాత

పాత ప్యాకింగ్ తీసేసి కొత్తది వేయండి. పెట్రోల్ వదిలి, కార్బురేటర్ కింద పాత పేపరు పరిచి పావుగంట ఆగండి. పేపరు మీద తడి పడితే ఇంజన్ స్టార్ట్ చేయకండి. తడి లేకపోతే స్టార్ట్ చేసి, ఇంజన్‌కు కలిసే అతుకు దగ్గర సబ్బు నీళ్లు చుక్కలుగా వేయండి. ఇంజన్ శబ్దం మారితే అక్కడ ఇంకా గాలి లాగుతోందని అర్థం.

మళ్లీ పోకుండా ఉండాలంటే

* స్క్రూను ముందుగా ఎడమకు తిప్పండి. చిన్నగా "టక్" మని మర కలిసిన తర్వాతే కుడికి తిప్పండి. మొదటి మూడు నాలుగు చుట్లు చేత్తోనే సాగాలి.
* ఇంజన్ చల్లారాకే విప్పండి, బిగించండి.
* నాలుగు స్క్రూలుంటే ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా రెండు మూడు విడతల్లో బిగించండి.
* పొడవాటి పానా వాడకండి. కారుతుంటే స్క్రూను ఇంకా బిగించడం కాదు, ప్యాకింగ్ చూడండి.
* విప్పిన స్క్రూలను ఏ రంధ్రానివి ఆ రంధ్రానికే గుర్తుపెట్టి, ఒక డబ్బా మూతలో ఉంచుకోండి.

సీజన్ మొదలవకముందే ఒకసారి కార్బురేటర్ స్క్రూలన్నీ చూసుకోండి. వదులుగా తిరిగే స్క్రూ కనిపిస్తే అప్పుడే లేత్ షాపుకు తీసుకెళ్లండి. పైరు నీటికి ఎదురుచూసే రోజున షాపు చుట్టూ తిరిగే పని తప్పుతుంది.