మన పూర్వుల కూలియు, రమ్ము అంగడియు

మన పూర్వులు కోరంగి రేవున ఓడ యెక్కి ఈ మారిషస్ ద్వీపమునకు వచ్చిరి. రేవు పేరే వారికి పేరయ్యెను. తోటలలో వారిని కోరంగీలనుచుండిరి. వారి కష్టములను పండుగ దినములలో మనము తలచుకొందుము. కాని ఆ కష్టార్జితములో కొంత రమ్ము అంగడికి పోయినదని పిల్లలకు చెప్పువారు తక్కువ.

ఒప్పందపు కూలీల రాక 1834లో ఆరంభమయ్యెను. మొదట వచ్చిన కూలివానికి నెలకు 5 రూపాయల జీతము, దానితో బియ్యము, పప్పు. తోటదొరలు డబుల్ కట్ అను నియమమును నడిపిరి. దీనిని మన పిల్లలు బాగుగా గ్రహింపవలెను. ఒక దినము పనికి రానివానికి రెండు దినముల కూలి కోత పడును. ఆదివారము రాత్రి త్రాగినవాడు సోమవారము లేవలేకపోయెననుకొనుడు. మంగళవారమునాటి వాని చెమట గూడ దొరకు ఉచితమే. నెలకు నాలుగు సోమవారములిట్లు పోయినచో ఎనిమిది దినముల కూలి, అనగా 26 పనిదినములలో దాదాపు మూడవ వంతు పోయెను. సీసా వెల వేరు. చక్కెర తీయగా మిగిలిన మడ్డి నుండియే రమ్ము కాచుదురు గదా! పగలు తాను నరికిన చెరకునే రాత్రి వాడు వెలయిచ్చి కొనుచుండెను.

తప్పంతయు త్రాగినవానిదే యనుట న్యాయము కాదు. 1871లో అడోల్ఫ్ ద ప్లెవిట్జ్ దొర సాయముతో 9,401 మంది పాతకూలీలు గవర్నరుకు అర్జీ పెట్టుకొనిరి. మరుసటి యేడు రాయల్ కమిషన్ విచారణకు వచ్చెను. అట్టి బ్రతుకులో మరపును కోరినవానిని నేను నిందింపజాలను.

1880 ప్రాంతము నుండి దొరలు తోటభూములను ముక్కలుగా అమ్మసాగిరి. కూలి మిగిల్చిన కుటుంబములు అర ఆర్పాఁ, ఆర్పాఁ చొప్పున కొనిరి. నేడు మనలో పలువురి ఇండ్లు ఆ నేలమీదనే యున్నవి.

పిమ్మట మత్తు రూపు మారినది. గంజాయి కూలీలతోనే వచ్చినది. క్రియోలులోని గాంజ్యా మన దేశపు మాటయే. 1980 దశకమున హెరాయిను వచ్చెను. 1985 డిసెంబరు 31న ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయమున హెరాయిను పట్టుబడినప్పుడు మన శాసనసభ్యులు నలుగురు నిర్బంధింపబడిరి. దేశమంతయు సిగ్గుపడిన దినమది. ఇప్పుడు సింథటిక్ అను రసాయనపు మత్తు, చవుకది, బడిపిల్లల చేతికి సైతము అందుచున్నది.

పెండ్లిలో నేను మంత్రములు చదువుచుండగా పందిరి వెనుక కార్ల నడుమ సీసా తిరుగుట చాలమారులు చూచితిని. పెద్దలు చూచియు చూడనట్లుందురు. నాకు తెలిసిన ఒక యింట ముత్తాత కొన్న ఆర్పాఁ నేలను మునిమనుమడు సింథటిక్ అప్పుల క్రింద అమ్మివేసెను. కొన్నవారు ఇల్లు పడగొట్టక ముందే వాని తల్లి పెరటిలోని అమ్మోరు రాయిని పసుపు గుడ్డలో చుట్టి మన గుడికి తెచ్చి నాకప్పగించినది. ఇప్పుడది వేపచెట్టు క్రింద నున్నది. ఆమె శుక్రవారములు వచ్చి దీపము పెట్టి పోవుచుండును.