పాటల మధ్య ప్రసంగాలు

అరెతా ఫ్రాంక్లిన్ గాస్పెల్ గానం అనగానే శ్రోతలకు గుర్తొచ్చేది 1972 నాటి ‘అమేజింగ్ గ్రేస్’. లాస్ ఏంజెలెస్‌లోని ఒక చర్చిలో రెండు రాత్రులు రికార్డు చేసిన ఆ ఆల్బం ఇరవై లక్షల ప్రతులకు పైగా అమ్ముడైంది. పదిహేనేళ్ల తర్వాత ఆమె స్వయంగా నిర్మించిన ప్రత్యక్ష గాస్పెల్ ఆల్బం ‘వన్ లార్డ్, వన్ ఫెయిత్, వన్ బాప్టిజం’ ఆ కీర్తి నీడలోనే ఉండిపోయింది. 1987 జూలై 27, 28, 30 తేదీలలో డెట్రాయిట్‌లోని న్యూ బెతెల్ బాప్టిస్ట్ చర్చిలో దాన్ని రికార్డు చేశారు. అప్పటికి అరెతా వయసు నలభై ఐదు. పాట మొదలుపెట్టి మూడు దశాబ్దాలు దాటింది.

ఈ ఆల్బంపై తరచుగా వినిపించే ఫిర్యాదు ఒక్కటే: మాటలు ఎక్కువ. పాటకూ పాటకూ మధ్య ప్రార్థనలు, పరిచయ వాక్యాలు, ఉపదేశాలు వస్తాయి. రాజకీయ నాయకుడైన రెవరెండ్ జెస్సీ జాక్సన్ ప్రసంగానికైతే ప్రత్యేకంగా ఒక భాగమే కేటాయించారు. పాటల కోసం రికార్డు కొన్నవారికి ఇది విసుగు కలిగించడం సహజమే. అయితే ఆ విసుగు వెనుక ఒక చారిత్రక మతిమరుపు ఉంది. ఆ చర్చిలోకి మైకు మొదట ప్రవేశించింది పాట కోసం కాదు, ప్రసంగం కోసం.

మిసిసిపీ పత్తిచేలలో కౌలు కుటుంబాల మధ్య పుట్టి పెరిగిన సి.ఎల్. ఫ్రాంక్లిన్ 1946లో న్యూ బెతెల్ పాస్టర్‌గా డెట్రాయిట్ చేరుకున్నారు. ఆయన అరెతా తండ్రి. ప్రసంగం పతాకస్థాయికి చేరేసరికి ఆయన మాట రాగమయ్యేది, సంఘం వంత పాడేది. హేస్టింగ్స్ వీధిలో రికార్డుల దుకాణం నడిపే జో వాన్ బాటిల్ ఆ ప్రసంగాలను రికార్డు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. తర్వాత షికాగోకు చెందిన చెస్ సంస్థ వాటిని దేశమంతటా పంపిణీ చేసింది. గూడు కదిలించే గద్దను గురించిన ప్రసంగాన్ని ఇప్పుడు అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం జాతీయ ధ్వని సంపదగా భద్రపరుస్తోంది. అదే వాన్ బాటిల్ 1956లో పద్నాలుగేళ్ల అరెతా పాడిన స్తోత్రాలనూ న్యూ బెతెల్‌లోనే రికార్డు చేశాడు. ఆమె తొలి రికార్డులు అవే. అంటే తండ్రి ప్రసంగం కోసం తెరిచిన దారిలోనే కూతురి పాట బయటి ప్రపంచానికి వచ్చింది.

ఆ వీధి ఇప్పుడు లేదు. హైవే నిర్మాణం పేరిట నల్లజాతీయుల వ్యాపార కేంద్రమైన హేస్టింగ్స్ వీధిని నేలమట్టం చేశారు. న్యూ బెతెల్ సంఘం 1963లో లిన్‌వుడ్ వీధిలోని ఒక పాత సినిమా హాలును చర్చిగా మార్చుకుని అక్కడికి తరలిపోయింది. ఆ ఏడాది జూన్ 23న సి.ఎల్. ఫ్రాంక్లిన్ నాయకత్వంలో డెట్రాయిట్ నడివీధిలో లక్షకు పైగా జనం నడిచారు. వాషింగ్టన్ మహా ప్రదర్శనకు రెండు నెలల ముందే మార్టిన్ లూథర్ కింగ్ తన స్వప్న ప్రసంగపు తొలి రూపాన్ని అక్కడ వినిపించారు. డెట్రాయిట్‌లోనే పుట్టిన మోటౌన్ సంస్థ ఆ ప్రసంగాన్ని రికార్డుగా విడుదల చేసింది. ప్రేమ గీతాలు అమ్మే సంస్థ రాజకీయోపన్యాసం అమ్మడం ఆ నగరంలో ఎవరికీ వింతగా తోచలేదు.

ఈ సంబంధం భారతీయులకూ కొత్త కాదు. 1936లో నల్లజాతి వేదాంతి హోవర్డ్ థర్మన్ దంపతులు బార్డోలీలో గాంధీని కలిసినప్పుడు, అంటరానితనం గురించీ అహింస గురించీ సుదీర్ఘంగా సాగిన సంభాషణ చివర గాంధీ వారిని తమ ఆధ్యాత్మిక గీతాలు పాడమని అడిగారు. బానిసత్వంలో పుట్టిన పాట కేవలం భక్తి గీతం కాదని గ్రహించడానికి ఆయనకు వ్యాఖ్యాత అవసరం కాలేదు.

న్యూ బెతెల్ గోడలకు మరో చరిత్ర కూడా ఉంది. 1967 జూలైలో డెట్రాయిట్ రగిలిపోయి 43 మంది చనిపోయారు. ఆ మంటల్లో వాన్ బాటిల్ దుకాణమూ, అందులోని ఎన్నో టేపులూ నాశనమయ్యాయి. 1969 మార్చిలో ‘రిపబ్లిక్ ఆఫ్ న్యూ ఆఫ్రికా’ అనే సంస్థ ఆ చర్చిలో సభ జరుపుకుంది. బయట కాల్పుల్లో ఒక పోలీసు చనిపోగా, పోలీసులు చర్చిలోకి తుపాకులు పేల్చుతూ ప్రవేశించి నూట నలభై మందికి పైగా నిర్బంధించారు. జార్జ్ క్రాకెట్ అనే నల్లజాతి న్యాయమూర్తి తెల్లవారకముందే విచారణ ప్రారంభించి పలువురిని విడిపించారు. 1979లో ఇంట్లో చొరబడిన దొంగలు సి.ఎల్. ఫ్రాంక్లిన్‌ను కాల్చారు. ఐదేళ్లు స్పృహ లేకుండా ఉండి ఆయన 1984 జూలై 27న మరణించారు. సరిగ్గా మూడేళ్లకు, అదే తేదీన, కూతురు ఆ చర్చిలో మైకులు పెట్టించింది.

1950లో పద్దెనిమిది లక్షలు దాటిన డెట్రాయిట్ జనాభా 1990 నాటికి పది లక్షలకు దిగజారింది. కార్ల కర్మాగారాలు, వాటి వెంట తెల్లవారు, ఆ వెనుక స్తోమత కలిగిన నల్లవారు వెళ్లిపోయారు. మిగిలినవారికి చర్చి ఆరాధనా స్థలమే కాదు, సభాస్థలి కూడా. ఆ మూడు రాత్రుల తర్వాత అక్టోబరులో జెస్సీ జాక్సన్ అధ్యక్ష అభ్యర్థిత్వం ప్రకటించారు. 1988 మార్చిలో మిషిగన్ కాకస్‌లలో మైకేల్ డుకాకిస్‌ను ఓడించి దేశాన్ని నివ్వెరపరిచారు. ఒక ఆల్బం ఎన్నికలు గెలిపించిందనడం హాస్యాస్పదం. కానీ ఆ గెలుపును ఊహించలేకపోయిన విశ్లేషకులు అంతవరకు ఏ గొంతులను వినలేదో ఈ రికార్డు వింటే తెలుస్తుంది.

పాటల విషయానికొస్తే, 1972 నాటి సులువైన ఎగురుడు ఈ గొంతులో లేదు. పై స్థాయిలలో గరుకుదనం వినిపిస్తుంది. దాన్ని ఆమె దాచుకోదు. చెల్లెలు కరోలిన్, అక్క ఎర్మా పక్కన నిలబడి పాడిన ప్రభువు ప్రార్థనలో గొంతులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వెళతాయి. మేవిస్ స్టేపుల్స్, జో లిగన్ తోడైన చివరి పాటలో ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న లెక్కే చెదిరిపోతుంది. అన్న సెసిల్ ఆ రాత్రుల్లో ఆరంభ ప్రార్థన చేశాడు. ఆల్బం వచ్చిన కొద్ది నెలలకే కరోలిన్, మరుసటి ఏడు సెసిల్ మరణించారు.

విమర్శకులు పట్టించుకోని మరో సంగతి ఉంది. బాప్టిస్ట్ చర్చిలలో ఎక్కువ చోట్ల ప్రసంగ వేదిక పురుషులది, గాయక బృందం స్త్రీలది. ఇక్కడ ఆ పురుషులు ఎంతసేపు మాట్లాడాలో, ఏ పాటకు ముందు మాట్లాడాలో నిర్ణయించిన నిర్మాత ఒక స్త్రీ. తండ్రి వేదికను ఆమె వారసత్వంగా పొందలేదు కానీ దాని క్రమాన్ని చేతిలోకి తీసుకుంది.

ఆ ప్రసంగీకుల్లో ఒకరు జాస్పర్ విలియమ్స్. 1984లో సి.ఎల్. ఫ్రాంక్లిన్ అంత్యక్రియల్లో ప్రసంగించింది ఆయనే. 2018 ఆగస్టులో అరెతా పార్థివ దేహాన్ని న్యూ బెతెల్‌లో ప్రజల సందర్శనార్థం ఉంచారు. మర్నాడు మరో చర్చిలో జరిగిన అంత్యక్రియల్లోనూ ఆయనే మాట్లాడారు. ఒంటరి తల్లుల పెంపకాన్ని తప్పుపడుతూ ఆయన చేసిన వ్యాఖ్యలు దేశమంతా వినిపించాయి. నలుగురు కొడుకులను పెంచిన తల్లి శవపేటిక ఎదురుగానే ఉంది. ఫ్రాంక్లిన్ కుటుంబం బహిరంగంగా అభ్యంతరం తెలిపింది. ఈసారి ఎవరు ఎంతసేపు మాట్లాడాలో చెప్పడానికి అరెతా లేదు.