జంషెడ్‌పూర్: పటమే కట్టడమైన నగరం

భారతీయ వాస్తుకళ అనగానే మనలో చాలామంది నోట్స్ సాంచీతో మొదలై లుట్యెన్స్ ఢిల్లీ దగ్గర ఆగిపోతాయి. కాస్త శ్రద్ధగలవారు చండీగఢ్‌ను చేరుస్తారు. ఈ రెండింటి మధ్య జారిపోయే ఊరు జంషెడ్‌పూర్. జీఎస్-1 సిలబస్‌లోని వాస్తుకళ, పట్టణీకరణ రెండూ కలిసే చోటు అదే కాబట్టి, ఒక పేజీ దానికి కేటాయించండి.

టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ 1907లో ఏర్పడింది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసేచోట ఉన్న సాక్చీ అనే పల్లెను కర్మాగారానికి ఎంచుకున్నారు. 1911 డిసెంబరులో ఢిల్లీ దర్బారులో రాజధాని మార్పు ప్రకటన వెలువడింది. అదే నెలలో సాక్చీ కొలిమిలో తొలిసారి ఇనుము కరిగింది. ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి గుర్తుంచుకోండి. ఒకటి సామ్రాజ్యం కట్టించిన నగరానికి నాంది, మరొకటి స్వదేశీ పెట్టుబడి కట్టించిన నగరానికి నాంది. జంషెడ్‌జీ టాటా 1904లోనే కన్నుమూశారు, ఊరిని చూడలేదు. కానీ 1902లో కొడుకు దోరాబ్‌జీకి రాసిన ఉత్తరంలో వెడల్పైన వీధులు, నీడనిచ్చే చెట్లు, ఆటస్థలాలు, అన్ని మతాల ప్రార్థనాలయాలకు చోటు ఉండాలని సూచించారు. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చీకి ఆయన పేరు పెట్టారు. కాళీమాటి స్టేషన్ టాటానగర్ అయింది.

ఇక అసలు విషయం. ఈ ఊళ్లో తాజ్‌మహల్ లాంటి కట్టడం కోసం వెతికితే నిరాశే. బిష్టుపూర్‌లో 1930ల నాటి భరూచా మాన్షన్ ఉంది. పాత చర్చిలు, క్లబ్బులు, బంగళాలు ఉన్నాయి. ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వలసవెళ్లి స్థిరపడిన మనవాళ్లు నడుపుకుంటున్న రామమందిరమూ అక్కడే. ఇవన్నీ చూడదగ్గవే. అయినా ఈ నగర వారసత్వం విడి భవనాల్లో లేదు, వాటిని కలిపే పటంలో ఉంది.

ఆ పటం నాలుగుసార్లు మారింది. మొదటిది పిట్స్‌బర్గ్‌కు చెందిన జూలియన్ కెనెడీ సంస్థ గీసింది: ఎత్తు ప్రదేశంలో గళ్లుగళ్లుగా అమెరికన్ పద్ధతి వీధులు. 1920 ప్రాంతంలో వచ్చిన ఎఫ్.సి. టెంపుల్ శానిటరీ ఇంజినీరు. ఆయన నేల వాలును చూశారు. వాన నీరు పారే వాగుల వెంట ఇళ్లు కట్టకుండా పచ్చని ఖాళీలు వదిలారు, రోడ్లను నేల తీరును బట్టి వంచారు. నా దృష్టిలో నలుగురిలో ఊరిని బాగా అర్థం చేసుకున్నది ఈయనే. 1936లో స్టోక్స్ మరో పథకం ఇచ్చారు. 1944-45లో నాజీల నుంచి తప్పించుకుని వచ్చి మైసూరు సంస్థానంలో పనిచేస్తున్న జర్మన్ వాస్తుశిల్పి ఓటో కోనిగ్స్‌బర్గర్, బడి, బజారు నడకదూరంలో ఉండే 'నైబర్‌హుడ్ యూనిట్' ఆలోచనతో ప్రణాళిక రాశారు. తర్వాత భువనేశ్వర్ ప్రణాళిక ఆయనే చేశారు. అంటే స్వతంత్ర భారత రాజధానుల్లో ఒకదానికి కసరత్తు ఈ ఉక్కునగరంలోనే జరిగింది.

మరి దీన్ని కాపాడే చట్టమేది? అధికరణ 49 జాతీయ ప్రాముఖ్యం గలవిగా ప్రకటించిన కట్టడాలు, స్థలాలు, వస్తువుల గురించే మాట్లాడుతుంది. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం కనీసం వందేళ్ల వయసు అడుగుతుంది. జంషెడ్‌పూర్ తొలి క్వార్టర్లు ఇప్పుడిప్పుడే ఆ గీత దాటుతున్నాయి. కోనిగ్స్‌బర్గర్ కాలం నాటివి ఇంకా దాటలేదు. ఫిలిప్పీన్స్‌తో పోల్చి చూడండి. అక్కడ 2009 జాతీయ సాంస్కృతిక వారసత్వ చట్టం, మొదట వచ్చిన రూపంలో, యాభై ఏళ్లు దాటిన నిర్మాణాన్ని ముఖ్యమైన సాంస్కృతిక ఆస్తిగానే ముందు భావించమంది, కాదని తేలేదాకా. 1905లో డేనియల్ బర్న్‌హమ్ గీసిన మనీలా, బాగియో పటాలు మన సాక్చీ పటానికి సమకాలికాలే, అవీ అమెరికన్ల చేతివే. ఒకే తరం నగరాలకు రెండు దేశాల కొలబద్దలు వేరు. మెయిన్స్‌లో ఈ పోలిక రెండు వాక్యాల్లో రాస్తే చాలు, పరీక్షకుడి కన్ను ఆగుతుంది.

అయితే పొగడ్తతో ఆపేయకండి. పటం గీసిన చెయ్యే అంతస్తులూ గీసింది. యూరోపియన్ అధికారులకు విశాలమైన బంగళాలు, కూలీకి కర్మాగారం దగ్గర ఇరుకు వరుసలు. పటంలో చోటు దొరకనివాళ్లు అంచుల్లో బస్తీలు కట్టుకున్నారు. 86 బస్తీల యాజమాన్య హక్కు ఇప్పటికీ అక్కడి ఎన్నికల్లో నలిగే అంశం. నగరపాలక సంస్థ ఉండాలా, 243క్యూ మినహాయింపు కింద పారిశ్రామిక పట్టణంగా ఉండాలా అన్న వాదన దశాబ్దాలుగా సాగుతోంది. వారసత్వ సంరక్షణ పేరుతో పాత పటాన్ని అలాగే బిగిస్తే, ఆ పటం బయట పెట్టినవాళ్లు మరోసారి బయటే ఉంటారు. జవాబులో ఈ చిక్కు రాయండి.

ఒక చిన్న సంగతి. కాసిడీహ్, బెల్డీహ్ పేర్ల చివరి 'డీహ్'కు ఊరి నివేశన స్థలం అని అర్థం. కంపెనీ వచ్చాక కొత్త వీధులకు అక్షరాలు, అంకెలు పేర్లయ్యాయి. సాక్చీ, సోనారీ, జుగ్‌సలాయి, బెల్డీహ్ మాత్రం అలాగే నిలిచాయి. ఆ నేల మీద అంతకుముందున్న పల్లెలకు ఇవాళ మిగిలిన ఆనవాళ్లు దాదాపు ఆ పేర్లే.