హితకారిణీ సమాజం

రాజమహేంద్రవరం కేంద్రంగా పనిచేసే విద్యా, ధర్మసంస్థ. స్థాపకుడు కందుకూరి వీరేశలింగం (1848–1919). 20వ శతాబ్ది తొలి దశకంలో ఈ సంస్థను నెలకొల్పి, తన యావదాస్తినీ దీనికే రాసిచ్చాడు. వీరేశలింగానికి పిల్లలు లేరు. ఆస్తి వారసత్వం బడులకు దక్కింది.

దీని మూలాలు ఇంకా వెనక్కి వెళతాయి. 1874లో ధవళేశ్వరంలో ఆయన బాలికల పాఠశాల తెరిచాడు. 1881 డిసెంబరులో తొలి వితంతు వివాహం జరిపించాడు. అప్పటికి ఖర్చులకు కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య వంటి దాతలే ఆసరా. దాత చెయ్యి ఆగితే పని ఆగుతుంది. ఆ చిక్కు తప్పించడానికే వ్యక్తి మీద కాక, సభ్యుల సభ మీద ఆధారపడే ఏర్పాటు అవసరమైంది. సమాజం పేరున నడిచిన వాటిలో ఉన్నత పాఠశాలతో పాటు వీరేశలింగం ఆస్తిక కళాశాల, ఆయన భార్య పేరు మీద కందుకూరి రాజ్యలక్ష్మి మహిళా కళాశాల ఉన్నాయి. ఆస్తిక అన్న మాట ఆయన బ్రహ్మసమాజ విశ్వాసానికి గుర్తు. తర్వాతి కాలంలో నిర్వహణ దేవాదాయ శాఖ పర్యవేక్షణలోకి వచ్చింది. విగ్రహారాధనను ఎదిరించిన మనిషి ఆస్తి ఆ శాఖ కిందికి చేరడం ఒక వింత.

సమాజం సభ్యులు బడుల నిర్వహణలో మోసిన బాధ్యత లాంటిదే నేడు గోదావరి డెల్టాలోని సర్కారు బడుల్లో తల్లిదండ్రులది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, సభ్యుల్లో సగం మంది స్త్రీలై ఉండాలి. అయితే ఆ కమిటీ ఒక్క బడికే. సమాజం మాత్రం అనేక సంస్థలను ఒకే గొడుగు కింద నడిపింది.