మైలార్‌దేవ్‌పల్లి గాలికి రెండు కాలాలు

హైదరాబాద్ దక్షిణపు అంచున, ఆరాంఘర్ దగ్గర మైలార్‌దేవ్‌పల్లి ఉంటుంది. దక్కన్ గొల్లకురుమలు కొలిచే మైలార్‌దేవుడి పేరు ఈ ఊరి పేరులో నిలిచిపోయింది. పక్కనే కాటేదాన్ పారిశ్రామికవాడ. ఇక్కడి కొలుముల్లో పని ఏడాది పొడవునా సాగుతుంది, కానీ గాలి ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తేలికగా ఉండి, దీపావళి వెళ్లాక బరువెక్కి, సంక్రాంతి దాకా అలాగే ఉంటుంది.

దీనికి కారణం నేల చల్లబడే తీరు. చలికాలపు రాత్రి ఆకాశంలో మబ్బు ఉండదు. నేల తన వేడిని త్వరగా వదిలేస్తుంది, దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది, పైనున్న గాలి మాత్రం వెచ్చగానే ఉంటుంది. చల్లని గాలి బరువు కాబట్టి పైకి లేవదు. అందులో కలిసిన పొగకూ దారి ఉండదు. ఆల్ప్స్ లోయ ఊళ్లలో ఈ పొగ కదలకుండా చుట్టూ కొండలు కూడా అడ్డు నిలుస్తాయి. మైలార్‌దేవ్‌పల్లి చుట్టూ అలాంటి గోడలు లేకపోయినా గాలి మందగించిన రాత్రి పైనున్న వెచ్చని గాలి పైకప్పు ఒక్కటే చాలు. పక్కనున్న రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయపు పొలాలు విశాలంగా ఉండటంతో అక్కడి రాత్రి ఉష్ణోగ్రత నగరం నడిబొడ్డు కన్నా తరచూ తక్కువగా నమోదవుతుంది. పొద్దెక్కి నేల వేడెక్కే దాకా పొగ నేలబారునే ఉంటుంది. వానాకాలంలో కథ తిరగబడుతుంది. నైరుతి గాలి పొగను చెదరగొడుతుంది, వాన ధూళిని కడిగేస్తుంది, తడి నేల నుంచి దుమ్ము లేవదు. ఎండాకాలంలో గాలి బాగా పైకి లేస్తుంది కాబట్టి పొగ పలచబడుతుంది, రోడ్డు దుమ్ము మాత్రం పెరుగుతుంది.

ఒకప్పుడు ఈ చుట్టుపక్కలవన్నీ చెరువుల కింద పొలాలే. 20వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో కాటేదాన్‌లో షెడ్లు లేచాయి. వంటనూనె మిల్లులు, బ్యాటరీల తయారీ, లోహాలకు పూత పూసే యూనిట్లు, రసాయనాలు, ప్లాస్టిక్, బిస్కెట్లు, ఇలా వందలాది చిన్న పరిశ్రమలు వెలిశాయి. వాటి వెంట శాస్త్రిపురం, టాటానగర్ వైపు తుక్కు గోదాములు పెరిగాయి. గోదాములో కాటా మీద తూగిన మూటలు విప్పి పాలిథిన్, గట్టి ప్లాస్టిక్, కేబుల్ వైరు వేరుచేస్తారు. అమ్ముడుపోయేది లారీ ఎక్కుతుంది. దేనికీ పనికిరాని చెత్తకు ఎవరో అగ్గిపుల్ల గీస్తే ఆ పొగకు పొగగొట్టం కూడా ఉండదు. మనిషి ఎత్తులోనే పుడుతుంది, చలికాలంలో అక్కడే నిలుస్తుంది.

కాటేదాన్ కాలుష్యం ముందుగా లోకానికి తెలిసింది గాలి వల్ల కాదు, నీటి వల్ల, మట్టి వల్ల. నూర్ మహమ్మద్ కుంటలోకి పరిశ్రమల వ్యర్థజలాలు చేరాయి. జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు పారిశ్రామికవాడ మట్టిని పరీక్షించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో సీసం, క్రోమియం, జింకు, ఆర్సెనిక్ ఎక్కువగా ఉన్నట్టు తేల్చారు. ఎక్కడపడితే అక్కడ పారబోసిన వ్యర్థాలు, వదిలేసిన మురుగునీరు అందుకు కారణాలు. మట్టిలో చేరిన లోహం ఏళ్ల తరబడి ఉండిపోతుంది. గాలిలోని పొగ తొలకరితో పోతుంది, దాంతో పాటే దాని సాక్ష్యమూ పోతుంది.

చట్టాలు వచ్చిన వరసా అదే. నీటి కాలుష్య నివారణ చట్టం 1974లో వస్తే గాలి చట్టం 1981లో వచ్చింది. చాలాకాలం గాలిని కొలిచే పద్ధతి వడపోత కాగితమే. కాగితాన్ని ముందు తూచి, యంత్రంలో పెట్టి గాలి పీల్పించి, మళ్లీ తూస్తారు. పెరిగిన బరువే ధూళి. జాతీయ పథకం కింద వారానికి రెండు రోజులు, ఏడాదికి 104 రోజులు ఇలా కొలుస్తారు. 2009 నవంబరులో సవరించిన ప్రమాణాల ప్రకారం 24 గంటల సగటున సన్నని ధూళి పీఎం 10 ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, అంతకంటే సన్నని పీఎం 2.5 అయితే 60 మైక్రోగ్రాములు దాటకూడదు. ఊపిరితిత్తుల లోతుకు చేరేది ఆ సన్నటి ధూళే. 2015లో గాలి నాణ్యత సూచీ వచ్చాక ఈ లెక్కలు రంగుల్లోకి మారి జనానికి అందాయి. మైలార్‌దేవ్‌పల్లికి దగ్గరలో గంటగంటకూ కొలిచే కేంద్రం జూపార్కులో ఉంది.

ఈలోగా ఊరి ముఖమూ మారింది. 2007లో ఈ ఊరున్న రాజేంద్రనగర్ మున్సిపాలిటీ మహానగరంలో కలిసింది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకుంది, 2009లో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. బెంగళూరు హైవే మీద లారీలకు కార్లు, క్యాబులు తోడయ్యాయి. పరిశ్రమల పొగకు వాహనాల పొగ, నిర్మాణాల దుమ్ము జతపడ్డాయి. వాహనాల పొగ తగ్గించడానికి 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 ఇంధనం, కొత్త వాహనాలకు బీఎస్-6 ప్రమాణాలు తప్పనిసరి అయ్యాయి.

కాలుష్య పరిశ్రమలను ఔటర్ రింగ్ రోడ్డు అవతలికి తరలించాలని 2013లో ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం పరిధిలో హైదరాబాద్ కూడా ఉంది. గాలి కొలతల్ని బట్టి ప్రణాళిక వేసేటప్పుడు ఏడాది సగటు ఒక్కటే చూస్తే వానాకాలపు నెలలు చలికాలపు నెలలను కప్పేస్తాయి. మైలార్‌దేవ్‌పల్లి గాలి అసలు లెక్క తెలిసేది నవంబరు నుంచి జనవరి దాకా, పొద్దు పొడిచే వేళ.