దుంగ పలికిన వేళ

బొబ్బిలి వీణకు పనసకర్రలో తొలిచిన కుండ లేకపోతే నాదం లేదు. ఎలక్ట్రిక్ గిటారుకు ఆ డొల్ల అక్కర్లేదని ఇక్కడ అమెరికాలో తేలింది. తేల్చినవాళ్ళు ఖాళీ వేళల్లో సొంతంగా వైర్లు అతికినవాళ్ళే.

1931లో లాస్ ఏంజిలిస్‌లో జార్జ్ బీచమ్ మిత్రులతో కలిసి ఒక పికప్ తయారుచేశాడు. అయస్కాంతం, దాని దగ్గర సన్నని రాగితీగ చుట్ట. పైన ఉక్కుతీగ కదిలితే చుట్టలో కరెంటు పుడుతుంది. అంటే అది వినేది గాలిని కాదు, తీగనే. 1940 ప్రాంతంలో న్యూయార్క్‌లో లెస్ పాల్, ఆదివారాలు ఎపిఫోన్ ఫ్యాక్టరీలో కూర్చుని, నాలుగంగుళాల పైన్ దుంగకే పికప్‌లు బిగించాడు. దుంగను చూసి జనం పెదవి విరిచారు. రెండు పక్కలా గిటారు చెక్కలు తగిలించాడు. వైర్లు అవే, మెప్పు మాత్రం వచ్చింది!

ఇక మిగిలింది గుయ్యిమనే మోత. ఇక్కడి కరెంటు సెకనుకు 60 సార్లు ఊగుతుంది, చుట్ట దాన్నీ వింటుంది. 1955లో గిబ్సన్ ఇంజనీరు సెత్ లవర్ రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపి, ఒకదాని అయస్కాంత ధ్రువాలను తిరగేశాడు. మోతను మోతే మింగింది, తీగ నాదం నిలిచింది.

నాకు నచ్చే విశేషం మరొకటి. మామూలు గిటారులో నాబ్‌లు కొత్తగా కలిపేదేమీ లేదు. వాల్యూమ్ నాబ్ కొంత సిగ్నల్‌ని, టోన్ నాబ్ కెపాసిటర్ గుండా కీచుదనాన్ని ఎర్త్‌కు పంపేస్తాయి, అంతే. అందుకే మీ పిల్లలు గిటారుకు వైర్లు అతుకుతుంటే, ముందు ఎర్త్ అతుకు గట్టిగా ఉందో లేదో చూడమనండి. అది ఊడితే మోత మళ్ళీ హాజరు.