బొమ్మ ఒంటి రంగు ఎవరిది?

వారాసిగూడలోని మా గది నుంచి మళ్ళీ మీ ముందుకి వచ్చేశాను. పోయిన ఎపిసోడ్‌లో చూపించిన యోధుడు గుర్తున్నాడు కదా, అంగుళం పైచిల్లర మినియేచర్? అతనికి మా తాతయ్య ఒంటి రంగు వేద్దామని కూర్చున్నా. మూడుసార్లు వేశా. మూడుసార్లూ బూడిద పూసినట్టే వచ్చింది. ఎందుకో వెతుకుతూ పోతే చరిత్ర బయటపడింది.

ఈ హాబీలో పెద్ద పేరు బ్రిటన్‌లో 1975లో మొదలైన గేమ్స్ వర్క్‌షాప్. వాళ్ళ సిటాడెల్ రంగుల్లో చాలా ఏళ్ళు 'ఎల్ఫ్ ఫ్లెష్', 'డ్వార్ఫ్ ఫ్లెష్' అనే డబ్బాలుండేవి. రెండూ తెల్లవాళ్ళ ఒంటి రంగులే. అమెరికాలో క్రేయోలా కంపెనీ 'ఫ్లెష్' అనే క్రేయాన్ పేరుని 1962లో 'పీచ్' అని మార్చింది. కోడ్‌లో డిఫాల్ట్ వాల్యూ అంటాం చూడండి, మనం ఏమీ చెప్పకపోతే సిస్టం తీసుకునేది. మనిషి రంగుకి కూడా అలా ఒక డిఫాల్ట్ పెట్టేశారన్నమాట.

సరే, మరి మనవాళ్ళ సంగతి? కొండపల్లిలో తెల్ల పొణికి కర్ర చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో కాళ్ళూ చేతులూ అతికిస్తారు. పైన సుద్ద పూసి, ఆ తర్వాతే రంగులు. మనం స్ప్రే డబ్బాలో కొనే ప్రైమర్ పని అక్కడ సుద్ద చేస్తుంది.

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కళాకారులున్నారు. ఊరూరా కథలు చెప్పేవాళ్ళ కోసం పటాలు గీసేవాళ్ళు, బొమ్మలూ చేస్తారు. అక్కడ ఒంటి రంగు అంటే పాత్ర ఎవరో చెప్పే గుర్తు. దేవుళ్ళకి నీలం, దేవతలకి పసుపు, మనుషులకి గులాబీ ఛాయలు. ముదురు గోధుమ, నలుపు? రాక్షసులకి.

ఇక్కడ నా నోరు పడిపోయింది. ఆ లెక్కన మా తాతయ్య రాక్షసుల వరసలోకి వెళ్తాడు. కృష్ణుడు అన్న మాటకే నల్లనివాడు అని అర్థం, ఆయన్నీ నీలం చేసేశాం. కాబట్టి తప్పంతా బయటి కంపెనీలదే అంటే కుదరదు.

ఇంతకీ నా తప్పేంటంటే, వెలుగు పడేచోట తెలుపు కలిపా. ముదురు ఒంటికి తెలుపు కలిపితే బూడిదరంగే మిగులుతుంది. ఎర్రమట్టి రంగుతో మొదలుపెట్టి, వెలుగుకి నారింజ, పసుపుమట్టి రంగు కలుపుతూ పోవాలి. నీడకి నలుపు బదులు ముదురు వంకాయ రంగు వాడండి. పొరలు మాత్రం పల్చగా.

నాలుగోసారి వేసింది అమ్మకి చూపించా. "చేతులు మాత్రం మా నాన్నవే," అంది. మొహం ఇంకా కుదరలేదు. వచ్చే ఎపిసోడ్‌లో దాని సంగతి చూద్దాం. ఉంటాను.